తిరిగి చెప్పిన మాట

జూన్ 3

నువ్వు నమ్మావు. ఈ పేజీ ఎవరి చేతిలో ఉన్నా సరే, నీతోనే అంటున్నాను. విమానం కూలిందని టీవీలో చూశావు, "పైలట్ తప్పేనట" అన్నావు, చానల్ మార్చావు. చచ్చిపోయినవాడు లేచి ఎదురు మాట్లాడడని నీకు తెలుసు. అందుకే అంత తేలిగ్గా నమ్మావు.

ఆ పైలట్ డేవిడ్ సంగతి చెబుతున్నాను. చిన్న విమానం, నలుగురు మనుషులు, వాన, కొండ. ఎవరూ మిగల్లేదు. విచారణ నివేదిక ఇంకా రాలేదు. తీర్పు మాత్రం మొదటి రోజే వచ్చేసింది.

ఇవాళ ఫిల్మ్‌నగర్ ఆఫీసులో సంతకాలయ్యాయి. ఆ ప్రమాదం మీదే సినిమా. పంతొమ్మిదేళ్లు కంట్రోల్ టవర్‌లో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నదాన్ని, డ్యూటీ గంటల మీద గొడవ పెట్టుకుని బయటికొచ్చినదాన్ని, ఆ కోపంతోనే వారం వారం పత్రికకు వ్యాసాలు రాసేదాన్ని — ఇప్పుడు సాంకేతిక సలహాదారు. "టెర్మినాలజీ మీరు చూసుకోండి మేడమ్, ఎమోషన్ మేం చూసుకుంటాం" అన్నాడు డైరెక్టర్.

డేవిడ్ భార్య గ్రేస్‌ని ఒప్పించింది నేనే. మధురానగర్‌లో వాళ్లింట్లో, డైనింగ్ టేబుల్ మీద అనుమతి కాగితం పెట్టి. "నువ్వుంటావు కదక్కా?" అంది. ఉంటానన్నాను. సంతకం పెట్టింది.

జూన్ 4

హీరో కంట్రోలర్ వేషం వేస్తున్నాడట. పైలట్‌గా ఎవరో కొత్త నటుడు. (పక్కన తర్వాత రాసుకున్నది: అప్పుడే అర్థం కావాల్సింది.)

జూన్ 9

పొద్దుటి నుంచి పాఠం. వినేవాళ్లు డైరెక్టర్, కో-డైరెక్టర్ యాదగిరి. చెప్పిందే చెప్పాను. కంట్రోలర్ ఎత్తు చెబితే పైలట్ తలూపి ఊరుకోడు, విన్నది విన్నట్టు తిరిగి చెబుతాడు. దాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. కంట్రోలర్ అది విని సరేనంటేనే మాట ఖాయం. ఒకడి పొరపాటు రెండోవాడి చెవిలో పట్టుబడాలని ఆ పద్ధతి. "రోజర్" అంటే విన్నాను అని మాత్రమే. ఏం విన్నాడో అందులో ఉండదు.

గ్రేస్ నోట్‌బుక్ చూపించాను. విచారణ గదిలో రికార్డింగ్ వినిపిస్తుంటే పెన్సిల్‌తో రాసుకుంది.

కంట్రోలర్: అయిదువేల అడుగులకు దిగండి.
డేవిడ్: అయిదువేల అడుగులకు దిగుతున్నాను.
కంట్రోలర్: రీడ్‌బ్యాక్ కరెక్ట్.

ఆ కొండల దగ్గర ఏడువేలకు తగ్గకూడదు. అయిదువేలు ఇంకో దారిలో వస్తున్న విమానానికి ఇవ్వాల్సిన ఎత్తు. ఆ కంట్రోలర్ రాక్షసుడేం కాదు. రెండు సీట్ల పని ఒక్కడి నెత్తిన, పదకొండో గంట. రోస్టర్ వేసినవాడు ఇంట్లో ఉన్నాడు.

డైరెక్టర్ గడ్డం గోక్కున్నాడు. "బాగుందండీ. కానీ ఒకే మాట రెండుసార్లా? సినిమా అంతా ఇదే అయితే ల్యాగ్ కదండీ."

యాదగిరి: "ఇంటర్వెల్ కంటె ముందుగాలనే సమోసాలకు లేస్తరు మేడమ్ జనం."

నవ్వొచ్చింది. నవ్వాను కూడా.

హీరోకి "ఓవర్ అండ్ ఔట్" కావాలట, పంచ్ ఉంటుందట. ఓవర్ అంటే ఇక నువ్వు మాట్లాడు అని, ఔట్ అంటే మాటలైపోయాయి అని. రెండూ కలపడమంటే వచ్చినవాణ్ని కూర్చోమంటూనే తలుపు మూసేయడం. చెప్పాను. "సార్‌కి మీరే చెప్పుండ్రి" అన్నాడు యాదగిరి. ఎవరూ చెప్పలేదు.

జూన్ 12

నేనే కొట్టేశాను.

స్క్రిప్ట్ ఇంటికి తెచ్చుకుని, పచ్చ ఇంకుతో. పైలట్ తిరిగి చెప్పే వాక్యం కనబడిన చోటల్లా గీత. పక్కన "రోజర్". చివరి సీన్లో కూడా. కంట్రోలర్ "అయిదువేలు" అనడం ఉంది కదా, చూసేవాడికి అది చాలదా అనుకున్నాను. అందరికీ నచ్చింది. "మీకు సినిమా పట్టుబడిందండీ" అన్నాడు డైరెక్టర్. ఆ మెప్పు ఒంటికి పట్టింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది... అయినా ఉండనీ.

జూన్ 20

డ్యూటీ చార్ట్ సీన్ ఎత్తేశారు. "ప్రేక్షకుడికి రోస్టర్ ఎందుకండీ?" ఎందుకా? అందులోనే హంతకుడున్నాడు కాబట్టి. టేబుల్ గుద్దాను. టీ ఒలికింది. యాదగిరి గుడ్డ తెచ్చాడు. సీన్ మాత్రం తిరిగి రాలేదు.

వెళ్లిపోవాల్సింది. లోపలుండి పోరాడాలి అని నాకు నేనే ఉపన్యాసమిచ్చుకున్నాను. లోపల మెత్తటి కుర్చీ ఉంది, ఏసీ ఉంది, మధ్యాహ్నం భోజనం ఉంది. పోరాటం ఎక్కడుందో చూడలేదు.

జూలై 15

సెట్‌లో నిజం టవర్ కంటే పెద్ద టవర్. రెండు సీట్లలోనూ మనుషులున్నారు.

ఆగస్టు 8

డబ్బింగ్ థియేటర్. కృష్ణానగర్ సందులో ఆటో ఇరుక్కుంది, దిగి నడిచాను. లోపలికి వెళ్లేసరికి చివరి సీన్ నడుస్తోంది. చీకటి, వాన, కొండ. రేడియోలో హీరో గొంతు —

"ఏడువేలు దాటి కిందికి రావద్దు! మళ్లీ చెబుతున్నాను, ఏడువేలు!"

పైలట్: "రోజర్."

విమానం దిగుతూనే ఉంది.

నా స్క్రిప్ట్‌లో అయిదువేలు. షూటింగ్‌లోనూ అయిదువేలే. యాదగిరి చెవి దగ్గరికి వంగి గొణిగాడు: "షాట్ విమానం మీదుంది కద మేడమ్. రేడియోల గొంతుకు లిప్ కనబడదు. ఏదైనా పెట్టొచ్చు." వెనక్కి జరుగుతూ, "జర ఫికర్ చెయ్యకుండ్రి. గిట్లనే అయితది ఈడ."

రీడ్‌బ్యాక్ ఉండుంటే పెట్టగలిగేవాళ్లు కాదు. డేవిడ్ పెదాలు తెరనిండా కనబడేవి. అయిదు అన్న నోటిలో ఏడు ఇమడదు. ఆ క్లోజప్ తీయాల్సిన అవసరమే లేకుండా చేసింది నేను.

ఆగస్టు 9

జూబ్లీహిల్స్‌లో డైరెక్టర్ ఇల్లు. కొండరాళ్ల మీద కట్టుకున్నారు, గేటు దగ్గర కుక్క.

"హీరో తప్పు చెయ్యడండీ. ఫ్యాన్స్ ఊరుకోరు."

"చచ్చినవాడు చేస్తాడా?"

"ఇది కల్పితం అని ముందే కార్డు వేస్తాం కదండీ."

"కార్డు ఎవడు చదువుతాడయ్యా! గ్రేస్ దగ్గర సంతకం తీసుకున్నప్పుడు కల్పితమని చెప్పావా?"

"మీరేం చెప్పారో నాకేం తెలుసు? తీసుకున్నది మీరు." ఫైల్ తెరిచాడు. "ఇదిగో, డైలాగులు కొట్టింది కూడా మీరే. పచ్చ ఇంకు. నేను ముట్టుకున్నానా?"

చూశాను. నా గీతే. స్కేలు పెట్టి గీసినంత శుభ్రంగా ఉంది.

ఏళ్ల తరబడి వ్యాసాల్లో అరిచాను: తప్పు ఎప్పుడూ కిందివాడి మీదే రాస్తారని, రాసేవాడి పేరు ఎక్కడా ఉండదని. ఈసారి రాసేవాడు దొరికాడు.

ఆగస్టు 11

గ్రేస్‌కి చెప్పాను. దాచలేదు. దాచకపోవడంలో గొప్పేముంది, రెండు నెలల ఆలస్యం.

స్కూల్ నుంచి అప్పుడే వచ్చింది, చేతులకి సుద్దముక్క పొడి. నిలబడే వింది.

"అక్కా, ఆ గదిలో రికార్డింగ్ వినిపించేటప్పుడు లాయర్ బయటికి వెళ్లిపొమ్మన్నాడు. వెళ్లలేదు నేను. ఆయన గొంతు వింటూ రాసుకున్నాను. ఒక్క ముక్క వదల్లేదు. నువ్వు... బోర్ కొట్టిందని తీసేశావా?"

తలూపాను.

"చర్చిలో ఇప్పటికే కొందరు పక్క బెంచీకి జరుగుతున్నారు. సినిమా వస్తే అందరికీ తెలుస్తుందిలే అని ఊరుకున్నా. టీనాకి కూడా చెప్పాను, నాన్న మీద సినిమా వస్తోందని. ఎనిమిదో తరగతి పిల్ల, క్లాసంతా చెప్పుకుంది. మొదటి ఆట చూద్దాం అంటోంది. ఏం చెప్పమంటావు దానికి?"

కాఫీ ఇవ్వలేదు. ఎప్పుడూ ఇచ్చేది. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి అంది, "తిట్టాలని కూడా లేదక్కా. ఏదైనా చెయ్యి. చెయ్యలేకపోతే మళ్లీ రాకు."

ఆగస్టు 12

డైరెక్టర్ ఫోన్ ఎత్తడు. వ్యాసం మొదలుపెట్టాను. మొదటి పేరాలో నలుగురిని ఏకిపారేశాను, అందులో నేను లేను. చింపేశాను.

ఆగస్టు 13

యాదగిరి ఫోన్. "సోమవారం సెన్సార్‌కు పోతుంది మేడమ్. ఆ పైలట్ వేషమేసినాయన గీడనే ఉంటడు, మోతీనగర్ల. ఒక్క క్లోజప్, అద్దగంట పని. నేను చెప్పిన్నని మాత్రం అనకుండ్రి." వాడికీ ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. అయినా చెప్పాడు. నేను రెండు నెలలు కుర్చీలో కూర్చున్నాను.

ఆగస్టు 14

ఇవాళే ఆఫీసుకు వెళుతున్నాను. లోపలికి రానిస్తారో లేదో. కాగితం మాత్రం రాశాను. తీసుకోకపోతే గేటు బయట నిలబడి పైకి చదువుతాను. దానివల్ల ఏమవుతుందో తెలియదు. గ్రేస్‌కి ఇంకా చెప్పలేదు.

1. కంట్రోలర్ నోట "అయిదువేలు" తిరిగి పెట్టాలి.
2. పైలట్ ఆ మాట తిరిగి చెప్పడం, కంట్రోలర్ సరేననడం — రెండూ ఉండాలి. పైలట్ ముఖం కనబడాలి.
3. రెండు సీట్లు, ఒక్క మనిషి. అలాగే చూపాలి.
4. డ్యూటీ చార్ట్ సీన్ కావాలి.
5. పైలట్ తిరిగి చెప్పే వాక్యాలు కొట్టేసింది నేనని గ్రేస్‌కి రాతపూర్వకంగా ఇస్తాను. నా పేరు టైటిల్స్‌లోంచి తీయకూడదు.
6. సెన్సార్ కంటే ముందు గ్రేస్ చూడాలి. ఆమె వద్దంటే ఆపాలి.