వేడి చికెన్ కార్డు మీద రాదు

కెజియా, ఫోన్‌లో ఆర్డరు పెట్టిన సరుకులు సాయంత్రం వస్తాయి. అప్పటిదాకా ఇల్లు కదలకు. మెట్ల మీద వదిలేసి పోతే పక్కింటి కుక్క వదలదు. పుట్టినరోజు పూట కట్టిపడేసిందని తిట్టుకో, పర్లేదు. నన్ను మాత్రం పనిలోంచి ఎవరు వదిలారు?

వేయించిన చికెన్ అడిగావు. తిండికని సర్కారు మనకిచ్చే ఫుడ్ స్టాంపుల కార్డు మీద వేడి తిండి ఇవ్వరే, పచ్చిదే ఇస్తారు. ఆ సరుకులు పంపే కొట్లోనే పొద్దస్తమానం చికెన్ వేయించేది మీ అమ్మ! మిగిలింది చెత్తలో పారేయాలి, ఒక్క ముక్క ఇంటికి తేనివ్వరు.

పచ్చి చికెన్ రాగానే ఉప్పూ మజ్జిగా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు.

అమ్మ

పొయ్యి జోలికి పోకు. ఎంత ఆలస్యమైనా నేనే వేయిస్తాను. ఊరందరికీ వేయించిన చేతులే, ఇవాళ ఒక్కసారి నా కూతురికి.