అవ్వ కుడిచెయ్యి

జులై 30

నోటిఫికేషన్‌లో ఏజ్ లిమిట్ మూడుసార్లు చదివాను. బీసీలకు సడలింపు కలిపి ముప్ఫై ఒకటి. ఆగస్టు ఒకటో తేదీకి లెక్క. నాకు ఆగస్టు తొమ్మిదికి నిండుతాయి. ఎనిమిది రోజుల తేడాతో బతికిపోయాను. బ్యాంకు క్లర్క్ పరీక్షకు ఇదే ఆఖరుసారి.

పోయినేడు ప్రిలిమ్స్ పావు మార్కుతో పోయింది. ఒక తప్పు జవాబుకు కోసేది అంతే, పావు మార్కు. ఎక్కడ తప్పు పోయిందో కూడా నాకు తెలుసు. సీటింగ్ అరేంజ్‌మెంట్. రెండు వరుసలు, ఎదురెదురుగా కూర్చున్న మనుషులు. ఎవరి కుడిపక్కన ఎవరున్నారు? ఉత్తరం వైపు చూసేవాళ్ళ కుడి ఎడమలు బాగానే చెప్తాను. దక్షిణం చూసేవాళ్ళ దగ్గరికొచ్చేసరికి బుర్ర తిరగబడుతుంది. హిందూపురం స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్ని. సిగ్గుగా ఉంది.

చదువుకోవడానికి నాకు దొరికేది రైలే. ధర్మవరం నుంచి హిందూపురం పోయేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు రెండు గంటలు.

ఆగస్టు 4

రైల్లో ఒక అవ్వతో గొడవ. పెనుకొండలో పూలబుట్టతో ఎక్కింది. నేను ఇంజన్ వైపు చూసే కిటికీ సీటులో ఉన్నాను. ధర్మవరంలోనే పట్టుకున్న సీటు. లెయ్‌మ్మే, ఎనక్కి పొయ్యే సీట్లో కూచుంటే నాకు తల తిరుగుతాది అంది. నేను లేవలేదు. ముందొచ్చినవాళ్ళదే సీటు అన్నాను. అవ్వ సరిగ్గా నా ఎదుటి కిటికీ దగ్గర కూలబడి, హిందూపురం దాకా నన్నే చూస్తూ కనకాంబరాలు కట్టింది. ఒక్కో ముడీ నా గొంతుకు వేస్తున్నట్టే ఉంది.

ఇంటికొచ్చి నాయనకు చెప్పాను. మగ్గం గుంతలోంచి తలెత్తకుండానే, సీటు ఇచ్చింటే నీ సొమ్మేం పోయె అన్నాడు. నిజమే. నా సొమ్మేం పోయింది?

ఆగస్టు 5

ఈరోజు లేచి సీటివ్వబోయాను. నీ సీటు నువ్వే పెట్టుకో, నాకూ రోసముండాది అంది అవ్వ.

ఆగస్టు 12

రాయాలి, రాయాలి. చెయ్యి ఆగడం లేదు.

పొద్దున పజిల్ చేస్తూ గొణుక్కుంటున్నాను. అవ్వ ఉండబట్టలేక, ఏంమ్మే మంత్రాలు సదువుతాండావు అని అడిగింది. చెప్పాను. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, ఎదురెదురుగా కూర్చున్నారు, ఎవరి కుడిపక్కన ఎవరో కనుక్కోవాలి అని. ఇదేనా బ్యాంకు పరీచ్చ అని పూలు ఒళ్ళోంచి జారిపోయేట్టు నవ్వింది. పక్కనున్న ఎస్తేరమ్మక్క కూడా నవ్వింది. ఆమె హిందూపురం ఆసుపత్రిలో ఆయా.

అప్పుడు అవ్వ దారం పక్కనపెట్టి కుడిచెయ్యి పైకెత్తింది. ఈడ సూడు. నా కుడిచెయ్యి యాడుండాది? కిటికీ దిక్కు. నీ కుడిచెయ్యి యాడుండాది? నడిచే దావ దిక్కు. ఎదురుగా మనిషి కూచోనుంటే అద్దంలో సూసుకుంటాండానని అనుకుంటావేమ్మే? అది నువ్వు కాదు, నేను! అని కసిరింది.

అంతే. నేను ఇన్నాళ్ళూ చేసింది అదే. ఎదుటివాళ్ళలో నన్నే చూసుకోవడం. ముప్ఫై మాక్ టెస్టులు, నాలుగు యూట్యూబ్ ఛానళ్ళు, ఒక కోచింగ్ సెంటర్. ఎవరూ చెప్పలేదు. కనకాంబరాలు అమ్మే అవ్వ చెప్పింది.

దిగేటప్పుడు రెండు మూరలు కొన్నాను. అవ్వ ఇంకో జాన కలిపింది. పేరు జయలక్ష్మమ్మ అట.

ఆగస్టు 20

ఇప్పుడు మా కంపార్ట్‌మెంటే పజిల్. ఇటు వరుసలో కిటికీ నుంచి నేను, ఆదెప్ప, మోహన్. అటు వరుసలో అవ్వ, ఎస్తేరమ్మక్క, ఆరోది ఎవరొస్తే వాళ్ళది. ఆదెప్ప పట్టుగూళ్ళ మూటతో మార్కెట్‌కు వచ్చే రైతు. మోహన్ హిందూపురంలో మెడికల్ షాపులో పని చేస్తాడు.

నేను అవ్వకు A అని పేరు పెట్టాను. ఒప్పుకోలేదు. నాకు మా నాయన పెట్టిన పేరుండాది, ఏ లేదు బీ లేదు అంది. పజిల్ మొత్తం మళ్ళీ రాసుకోవాల్సి వచ్చింది. జయలక్ష్మమ్మకు ఎదురుగా స్వప్న, అంటే నేను. ఆదెప్పకు ఎడమపక్కన స్వప్న. అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో!

సెప్టెంబర్ 3

కొంచెం కష్టమైన పజిల్ కావాలని ఒక్కొక్కరినీ ఒక్కో రంగు చెప్పమన్నాను. ఎస్తేరమ్మక్క తెలుపు. మోహన్ నీలం. ఆదెప్ప బాగా ఆలోచించి, నాకే రంగూ ఇష్టం లేదప్పా అన్నాడు. అలా కుదరదు అన్నాను. పరీచ్చ కోసరం అబద్ధం చెప్పమంటావా అని అడిగాడు. అవ్వ మొదట ఎరుపు అంది. నేను సగం సాల్వ్ చేశాక పచ్చ అని మార్చింది. ప్రశ్న మధ్యలో మనసు మార్చుకునే మనుషులు బ్యాంకు పరీక్షలో కూడా ఉండరు.

నవ్వి నవ్వి పొట్ట నొప్పి.

సెప్టెంబర్ 17

టీసీ వచ్చి ఆదెప్ప మూట దారికి అడ్డంగా ఉంది, సీటు మారమన్నాడు. అవ్వ, ఎస్తేరమ్మక్క, మోహన్ ముగ్గురూ ఒక్కసారే వద్దన్నారు. ఆయప్ప కదిలితే పాపకు ఉజ్జోగం పోతాది సార్ అని అవ్వ మొత్తుకుంది. టీసీకి ఏమీ అర్థం కాలేదు. మూటను సీటు కిందికి తోసి, ఆదెప్పను వదిలేసి వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 3

రెండు రోజుల్లో ప్రిలిమ్స్. ఈరోజు అవ్వ కళ్ళు మూసుకుని కూర్చుంది. తల తిరుగుతోందా అని అడిగాను. ఎస్తేరమ్మక్క మెల్లగా చెప్పింది, హిందూపురంలో దిగాక రోజూ బెంచీ మీద కాసేపు పడుకుని గానీ పూలు అమ్మడానికి పోదంట. నా ప్రాణం చివుక్కుమంది. చెయ్యి పట్టుకుని లేపబోయాను, ఈ సీట్లోకి రా అవ్వా అన్నాను. విడిపించుకుంది. నేను ఆడికొస్తే నీకు ఎదురుగా ఎవురు కూచుంటారు? నీకు ఉజ్జోగం వచ్చినాక ఆ సీటు నాకిద్దువు, అంతవరకూ నోరు మూసుకొని సదువుకో అంది.

రెండు నెలలుగా తల తిరుగుడు ఓర్చుకుంటూ నాకోసం కూర్చుంది. నేనేమో రోషం అనుకున్నాను. పుస్తకం అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

అక్టోబర్ 5

అనంతపురంలో పరీక్ష. రీజనింగ్‌కు ఇరవై నిమిషాలు. మొదటి పజిలే ఎదురెదురు వరుసలు. P, Q, R, S అని మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని P స్థానంలో అవ్వను కూర్చోబెట్టాను. బుట్టతో సహా. తర్వాత ఎస్తేరమ్మక్క. ఇటు ఆదెప్ప, మూటతో. అందరూ బుద్ధిగా వచ్చి కూర్చున్నారు. ఒకచోట అనుమానమొచ్చి నా కుడిచెయ్యి పైకెత్తాను. ఇన్విజిలేటర్ వచ్చి ఏం కావాలమ్మా అన్నాడు. ఏమీ లేదు సార్, కిటికీ ఎటో చూసుకుంటున్నా అన్నాను. ఆయన చూసిన చూపు జన్మలో మర్చిపోను.

అయిదుకు అయిదూ పెట్టాను.

నవంబర్ 22

ప్రిలిమ్స్ పాస్! రైల్లో వేరుశనక్కాయలు పంచాను. మోహన్ అప్పుడే నా మొదటి జీతానికి పార్టీ ఎక్కడో తేల్చేస్తున్నాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం, ఇంకా పెద్ద పరీచ్చ ఉండాది అని అవ్వ అందరినీ తిట్టింది. వేరుశనక్కాయలు మాత్రం రెండు దోసిళ్ళు తీసుకుంది.

నవంబర్ 29

మెయిన్స్ రాశాను. పజిల్‌లో ఈసారి ఏడుగురు, మా అయిదుగురు పోగా ఇద్దరు తక్కువ. టీసీనీ ఇన్విజిలేటర్నీ కూర్చోబెట్టాను.

ఫిబ్రవరి 10

రిజల్ట్ లేదు. అవ్వ మాత్రం అదే సీటులో కూర్చుంటోంది. పరీక్ష అయిపోయింది కదా అవ్వా అంటే, ఉజ్జోగం వచ్చినాక అంటి గానీ పరీచ్చ అన్లేదే అంది.

మార్చి 31

సాయంత్రం అయిదున్నరకు వచ్చింది. నా నంబర్ ఉంది. ఉంది. ఉంది!

నాయన మగ్గం ఆపాడు. పోగు తెగితే తప్ప ఆపని మనిషి. గుంతలోంచి పైకొచ్చి, ఫోన్ అందుకుని, కళ్ళద్దాలు లేకుండానే చాలాసేపు చూశాడు. బాగుండాదిమ్మే అన్నాడు.

ఏప్రిల్ 1

రైల్లో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మోహన్ క్యాలెండర్ చూపించి, ఈరోజు మేం మోసపోం అక్కా అన్నాడు. ఎస్తేరమ్మక్క కూడా ఊరికే నవ్వింది. ఆదెప్ప రోజు మంచిది కాదు, రేపు చెప్పమ్మా అన్నాడు. ఫోన్ చూపిద్దామంటే సిగ్నల్ లేదు.

అవ్వ ఒక్కతే పూలు కట్టడం ఆపి నా మొఖంలోకి చూసింది. ఆయమ్మి అబద్ధం చెప్పలేదప్పా, దానికి అంత తెలివి యాడిది అంది. తర్వాత బుట్టలో ఉన్న పూలన్నీ, ఒక్క మూర కూడా మిగల్చకుండా, నా తలలో పెట్టింది. కనకాంబరాల గంప నెత్తినెత్తుకున్నట్టు స్కూల్‌కు వెళ్ళాను. అమ్మడానికేం లేదని అవ్వ వచ్చిన దారినే పెనుకొండకు వెళ్ళిపోయిందట.

సీటు ఇవ్వబోతే మళ్ళీ ఒప్పుకోలేదు. ఆర్డరు రానీ అంది.

జూన్ 12

ఆర్డర్ వచ్చింది. బ్రాంచ్ పేరు చదివి గట్టిగా నవ్వాను. పెనుకొండ. పదింటి బ్యాంకుకు ఏడింటి రైలు ఎందుకు, తొమ్మిదికి బస్సుండాదిలే అన్నాడు నాయన. నేను ఆ రైలే ఎక్కుతానన్నాను.

జూన్ 15

రైల్లో రెండు వరుసల్లో ఆరుగురు ఎదురెదురుగా కూర్చుంటారు. స్వప్న ధర్మవరంలో ఎక్కి, ఇంజన్ వైపు చూసే కిటికీ సీటు పట్టుకుని, పెనుకొండలో దిగుతుంది. జయలక్ష్మమ్మ పెనుకొండలో ఎక్కుతుంది. పెనుకొండ దాటాక ఆ కిటికీ సీటులో ఉండేది ఎవరు?

జవాబు: అవ్వ. సీటు తడిమి చూసి, వెచ్చగుండాదిలేమ్మే అంది. రైలు కదిలాక నా వైపు తిరిగి కుడిచెయ్యి బయటపెట్టి ఊపింది. ప్లాట్‌ఫాం మీదున్న నాకు అది ఎడమవైపు.