జిరాక్స్ స్కేలు

మార్చి 3, మధ్యాహ్నం 2

పళ్ల డాక్టర్ చచ్చిపోయాడు. సొంత క్లినిక్‌లో, నాలుగో అంతస్తులో, తల వెనక దెబ్బ. నేను వెళ్లేసరికి గదిలో పదకొండు మంది ఉన్నారు, శవంతో కలిపి పన్నెండు. పద్ధతిగా ఉన్నది శవం ఒక్కటే.

ఫింగర్‌ప్రింట్ ఆయన గోడకి సున్నం కొట్టినట్టు తలుపంతా నల్లపొడి పూశాడు. అది క్లినిక్. రోజూ వచ్చే పేషెంట్ల వేలిముద్రలన్నీ పట్టుకుని మురిసిపోతున్నాడు. రక్తం మరకల స్పెషలిస్టు గోడ నుంచి గోడకి దారాలు కట్టి, రెండు గంటలు కూర్చుని, దెబ్బ వెనక నుంచి పడిందని తేల్చాడు. తల వెనక చిట్లి ఉంటే ముందు నుంచి ఎలా పడుతుంది నాయనా. డీఎన్ఏ ఆవిడ మాస్కు గడ్డం కిందికి లాక్కుని, సరిగ్గా దూదిపుల్ల మీద తుమ్మింది. ఫోటోగ్రాఫర్ ఇదివరకు పెళ్లిళ్లకి ఫోటోలు తీసేవాడు. శవాన్ని కూడా కాస్త నవ్వమంటాడేమోనని నా భయం.

నా పని బూటు అచ్చులు. పళ్ల అచ్చులు పోసే తెల్లపొడి డబ్బా దొర్లిపడి నేలంతా ఒలికింది. అందులో ఒకే ఒక్క అచ్చు. కుడికాలు, మడమ నుంచి కొస దాకా పూర్తిగా ఉంది. ఈ మంద తొక్కకుండా అది మిగలడమే గొప్ప. పక్కన స్కేలు పెట్టి, కెమెరా నిటారుగా పట్టించి, దగ్గరుండి ఫోటో తీయించాను.

మార్చి 4

ఫోటోలో పక్కనున్న స్కేలు ప్రకారం అచ్చు పొడవు 31 సెంటీమీటర్లు. పదో నంబరు బూటు. జిగ్‌జాగ్ గీతల రబ్బరు సోలు, పనివాళ్లలో సగం మంది వేసుకునేదే. కానీ పదో నంబరు కాళ్లు ఎంతమందికి ఉంటాయి?

ఫోటోగ్రాఫర్ స్కేలు తిరిగివ్వకుండా జేబులో వేసుకుపోబోయాడు. లాక్కున్నాను. స్కేళ్లు కొనండని స్టోర్స్‌కి రాసీ రాసీ నా వేళ్లు అరిగాయి. స్టోర్‌కీపర్‌కి చీమ కుట్టినట్టైనా లేదు. చివరికి మిగిలిన ఒక్క స్కేలునీ నేనే జిరాక్స్ తీసి, లామినేట్ చేయించి అందరికీ పంచాను. ఏడాదిన్నరగా ఈ ల్యాబ్ నా స్కేళ్ల మీదే బతుకుతోంది. థాంక్స్ చెప్పిన మొహం ఒక్కటీ లేదు.

మార్చి 6

ఆ బిల్డింగ్ లిఫ్ట్ మెకానిక్‌ని పట్టుకొచ్చారు. పోయినవారం లిఫ్ట్ మధ్యలో ఆగిపోయిందని డాక్టర్ అతన్ని నలుగురి ముందూ తిట్టాడట. ఇతనూ తిరగబడ్డాడట. హత్య జరిగిన రోజు జ్వరంతో ఇంట్లో పడుకున్నానంటాడు. అందరూ అదే అంటారు మేడమ్ అని ఇన్‌స్పెక్టర్ నవ్వాడు.

అతని బూట్లు పంపారు. అదే సోలు. 31 సెంటీమీటర్లు, వెంట్రుకవాసి తేడా లేదు. సోలు నమూనా, సైజు సరిపోయాయని, కచ్చితంగా ఇదే బూటని మాత్రం చెప్పలేమని రిపోర్ట్ రాశాను. ఇన్‌స్పెక్టర్ మొదటి సగం చదివి ఫైలు మూసేశాడు. రెండో సగం చదివే ఓపిక ఉంటే ఆ ఉద్యోగం ఎందుకు చేస్తాడు.

మార్చి 7

డైరెక్టర్ మీటింగ్‌లో నన్ను పొగిడాడు. ఆయనకి పొగడటం కూడా రాదు.

మార్చి 11

ల్యాబ్ గేటు దగ్గర మెకానిక్ భార్య ఆపింది. ఆరోజు ఆయన మంచం దిగలేదమ్మా, తడిగుడ్డ వేసింది నేనే అంది. పని పోయిందట. పాప స్కూలుకి పోనని ఏడుస్తోందట, అక్కడ పిల్లలు హంతకుడి కూతురంటున్నారట. రిపోర్ట్ రాసిన మేడమ్ ఎవరో చెప్పండి, కాళ్లు పట్టుకుంటాను అంది. ఆ మేడమ్ నేనేనని చెప్పలేదు. మీ లాయర్ని అడగమని చెప్పి లోపలికి వచ్చేశాను.

ఇలాంటివాళ్లని గేటు దాకా రానిచ్చే సెక్యూరిటీని ఏమనాలి?

మార్చి 15, ఆదివారం, ఉదయం 11

మా ఆయన ఎప్పుడూ టూర్లలో ఉంటాడు. ఇంట్లో మిగిలేది నేనూ, ఆయన నాన్నా. మావయ్య నలభై ఏళ్లు వడ్రంగం చేశారు. ఇప్పటికీ చెవిమీద పెన్సిల్ లేకుండా కనపడరు. కుర్చీ కనిపిస్తే కూర్చోరు, ముందు ఊపి చూస్తారు.

ఇవాళ వంటింట్లో అర బిగించడానికి పూనుకున్నారు. టేపు కనపడలేదట. నన్ను అడక్కుండా నా బ్యాగ్‌లోంచి స్కేలు తీశారు. ముప్ఫై సెంటీమీటర్ల చెక్క కావాలి కాబట్టి పది పది చొప్పున మూడుసార్లు గీత పెట్టి కోశారు. చెక్క పొట్టిదైపోయింది, దాదాపు రెండు సెంటీమీటర్లు. ఆ ముక్క ఒళ్లో పెట్టుకుని నేలమీద కూలబడ్డారు. పుట్టి బుద్ధెరిగాక చెక్క పొట్టిగా కొయ్యలేదమ్మా, చూపు పోయిందేమో అన్నారు. పోయే ఉంటుంది, కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి అన్నాను. అంతకంటే ఏమంటాం, డెబ్భై ఆరేళ్లు.

మధ్యాహ్నం 1

పక్కింట్లోంచి స్టీలు టేపు అడిగి తెచ్చారు. నా స్కేలు పక్కన పరిచారు. నన్ను పిలిచారు.

అమ్మాయ్, ఈ పది పది కాదు, తొమ్మిది మీద నాలుగు గీతలే అన్నారు. నా చూపుకేం కాలేదు, చూడు అన్నారు. చాలా సంతోషంగా ఉన్నారు. ఈ స్కేలు చేసిన వెధవ ఎవడోగానీ వాడి చేతికి రంపం ఇవ్వకూడదమ్మా అన్నారు.

సాయంత్రం 6

ఆ వెధవని నేనే.

జిరాక్స్ మిషన్ కాగితంలో పట్టేలా బొమ్మని తనంతట తనే కుదించింది. నేను చూసుకోలేదు. పది అని రాసి ఉన్నది తొమ్మిదీ పాయింట్ నాలుగు. అంటే పొడిలో అచ్చు 31 కాదు. 29 పైన ఒక్క గీత. ఎనిమిదో నంబరు. మెకానిక్ బూట్లు 31, వాటిని ల్యాబ్ బల్లకి బిగించిన స్టీలు స్కేలు మీదే కొలిచాను. ఆ బూటు ఈ అచ్చులో పట్టదు.

మార్చి 16, ఉదయం 10

ఎక్కడో ఒకచోట నేను రైటై ఉంటానన్న ఆశతో క్లినిక్‌కి వెళ్లాను. నేలమీద టైల్ కొలిచాను. సరిగ్గా ముప్ఫై. నా ఫోటోలో అదే టైల్ 31.9 వస్తోంది. అచ్చు పక్కనే ఉంది ఆ టైల్, మొదటి రోజు నుంచీ. దారాలు కట్టినవాణ్ణి చూసి నవ్వాను. నా కళ్లముందు నేలంతా గళ్లు గీసి ఉంటే చూడలేదు.

మధ్యాహ్నం 3

డైరెక్టర్‌కి చెప్పాను. లేచి తలుపేశాడు. ఆ స్కేలుతో ఎన్ని కేసులు అన్నాడు. నలభై ఒకటి. నీళ్లు తాగాడు. తొందరపడొద్దు మేడమ్, ఇది బయటికొస్తే నలభై ఒక్క మంది లాయర్లు మన గుమ్మంలో కూర్చుంటారు అన్నాడు. మెకానిక్‌ని వాళ్ల లాయరే ఎలాగో బయటికి లాక్కొస్తాడు, మనకెందుకు అన్నాడు. మరీ తప్పకపోతే స్కేళ్లు స్టోర్స్ వాళ్లు ఇచ్చారని రాద్దాం, స్టోర్‌కీపర్ ఎలాగూ పని చేయడు కదా అన్నాడు.

ఇంత నీచంగా ఆలోచించగల మనిషి కింద పదహారేళ్లు పనిచేశాను. అయితే స్టోర్‌కీపర్ మీదికి నెట్టేద్దామన్న మాట ఒక్క నిమిషం నాకూ నచ్చింది. ఎవరూ చదవని పుస్తకం కాబట్టి ఆ నిమిషం సంగతి కూడా రాస్తున్నాను.

మార్చి 17

ఏమీ చేయలేదు.

మార్చి 18

ఇవాళ కూడా. అతను లోపలే ఉన్నాడు. ఎనిమిదో నంబరు వాడెవడో బయట తిరుగుతున్నాడు.

మార్చి 20, ఉదయం 11

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. పొంగిపోతున్నాడు. మెకానిక్ మెత్తబడ్డాడట, సోమవారం జడ్జి ముందు ఒప్పుకుంటాడట. కొట్టారా అని అడిగాను. అబ్బే, మీ రిపోర్టే చూపించాను మేడమ్, రోజూ అదే చూపించాను అన్నాడు. అతనేమన్నాడో కూడా చెప్పాడు. అంత చదువుకున్న మేడమ్ కొలిచి తప్పు రాస్తారా సార్, జ్వరంలో ఉన్నాను, నాకు తెలియకుండా వెళ్లానేమో, వెళ్లే ఉంటాను అన్నాడట.

నా కొలతని నమ్మి తన ఒంటినే అనుమానించాడు ఆ మనిషి. నేనేమో ఐదు రోజులుగా నా పరువెంత పోతుందో లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఫింగర్‌ప్రింట్ ఆయన, దారాల ఆయన, తుమ్మిన ఆవిడ, ఎవ్వరూ ఎవరి ప్రాణం మీదికీ తేలేదు. తెచ్చింది నేను. సిగ్గుగా ఉంది. ఇంకో మాట ఏదీ దొరకడం లేదు.

మధ్యాహ్నం 12

జడ్జికి ఉత్తరం రాశాను. నలభై ఒక్క ఫైలు నంబర్లూ కింద రాశాను. డైరెక్టర్‌కి చూపించకుండా నేనే తీసుకెళ్లి కోర్టు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకున్నాను.

మార్చి 23

కోర్టు. మెకానిక్ లాయర్ స్కేలునీ స్టీలు టేపునీ పక్కపక్కన పెట్టి అందరికీ చూపించాడు. ఇది ఎవరు చేశారు అని అడిగాడు. నేనే అన్నాను. వినపడలేదు, గట్టిగా చెప్పండి అన్నాడు. వినపడింది, నాకు తెలుసు. గట్టిగా చెప్పాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నేనైనా నవ్వేదాన్నే.

అతను నిలబడి వింటున్నాడు. అయితే నేను వెళ్లలేదా సార్ అని జడ్జినే అడిగాడు.

మార్చి 25

నా సస్పెన్షన్ ఆర్డర్ వచ్చింది. అందులో రెండు తప్పులున్నాయి, దిద్ది ఇచ్చాను. మధ్యాహ్నం స్టోర్‌కీపర్ పాతిక కొత్త స్కేళ్లు నా టేబుల్ మీద పెట్టాడు. ఏడాది నుంచీ బీరువాలోనే ఉన్నాయట. మేడమ్ ఉత్తరాలు రాశారు గానీ ఫారం నింపలేదు కదా అన్నాడు. ఈ మనిషి మీదా నేను నేరం మోపుదామనుకున్నది? మోపినా వీడికి అర్థమయ్యేది కాదు.

మార్చి 27

అతన్ని వదిలేశారు.

మార్చి 30

చార్జ్ అప్పగిస్తుంటే అతను బూట్ల కోసం వచ్చాడు. సంతకం పెట్టాడు. వేసుకోలేదు. నా టేబుల్ మీదున్న తెల్లకాగితం నేలమీద పరిచి, దానిమీద కుడిపాదం పెట్టి నిలబడ్డాడు. ఇప్పుడు కొలువు అన్నాడు.

మోకాళ్ల మీద కూర్చుని కొత్త స్కేలుతో కొలిచాను. వట్టి పాదమే 28.4. ఎనిమిదో నంబరు బూటులో దూరని కాలు.

రాసుకో అన్నాడు. రాసుకున్నాను.