చాక్లెట్ కొట్టు గోడ మీద చరిత్ర

గురప్ప మామకు,

బాగున్నానని అబద్ధం రాయలేను. మిర్కాబ్‌లో నువ్వు వయసంతా పనిచేసిన చాక్లెట్ కొట్టులో, దాని చరిత్రను గోడ మీద ఇంగ్లీషులో రాయించారు. నీ పేరుందా అని అడిగావు. లేదు మామా. సొంతంగా నేర్చుకున్న ఇంగ్లీషు కదా, పొరబడ్డానేమోనని మళ్లీ చదివాను. లేదు.

కరిగిన చాక్లెట్‌ను కింది పెదవికి తాకించి, అచ్చుల్లో పొయ్యడానికి తగినంత చల్లారిందో లేదో చెప్పింది నువ్వు. గోడ మీద మాత్రం యజమాని వాళ్ల నాయన చెప్పేవాడని రాశారు. ఆయన వంటగదిలోకి వచ్చిందే ఫోటోలకు!

మేనేజరును అడిగేశాను. "అది మా మామ పని సార్. అబద్ధం ఎందుకు రాసినారు?"

నవ్వాడు. "మీలో ప్రతివాడికీ ఇక్కడ ఒక మామ ఉంటాడు. ఖలాస్! రేపటి నుంచి సులైబియా గోడౌన్లో పెట్టెలు మొయ్."

ఈ అరబ్బు దేశంలో నన్ను ఉండనిచ్చే ఇఖామా కార్డు వాళ్ల చేతుల్లో ఉంది, మొయ్యక చస్తానా? గదిలో నాతో ఉండే నాగరాజన్న కూడా నన్నే తిట్టాడు. "చరిత్ర కూడు పెడ్తాదా రా? నోరు మూసుకోనుంటే ఏసీలో ఉందువు."

ఆ గోడ ఫోటో పంపుతున్నాను. అత్తకు చదువు రాదు. అడిగితే ఏదో ఒక వరుస మీద వేలు పెట్టి, ఇదే నా పేరని చూపించు.

నీ మేనల్లుడు