గాలిని చదును చేసే పెట్టె

పెల్హామ్ దీవి,
ఆగస్టు 3

ప్రియమైన తమ్ముడు డెస్మండ్‌కి,

అమ్మ అంత్యక్రియల రోజు మనం ఒకరినొకరం అన్న మాటల తర్వాత నీతో ఫోన్లో మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

నువ్వు హోబర్ట్ నుంచి వచ్చి మా గాలిమరలకు తగిలించి వెళ్ళిన పెట్టెను రోజూ చూస్తున్నాను. గాలి విసిరికొడితే అది చెప్పినట్టు రెక్కలు జోరుగా తిరిగి ఆ బలాన్ని తమలో దాచుకుంటాయట, గాలి సన్నగిల్లితే నెమ్మదించి దాన్ని కరెంటుగా తిరిగిస్తాయట. అబ్బో! ముప్పై ఒక్క ఏళ్ళుగా డీజిల్ ఇంజన్లతో ఈ దీవి దీపాలు ఆరకుండా చూసినదాన్ని, నాకా నేర్పుతావు? రొయ్యలు పట్టే గస్ నిన్న పబ్బులో ఏమన్నాడో తెలుసా? "ఏం మావిస్, మీవాడు గాలికి మర్యాద నేర్పుతాడటగా! ముందు తను నేర్చుకోమను." నవ్వలేక చచ్చాం.

పదహారో తారీఖున మూడు గంటలు ఇంజన్లన్నీ ఆపి నీ పెట్టెను పరీక్షిస్తారట. నెగ్గితే పవర్‌హౌస్‌కి తాళం, నేను ఇంటికి. నెగ్గదులే.

నీ అక్క,
మావిస్


హోబర్ట్,
ఆగస్టు 9

ప్రియమైన అక్కా,

కవరు విప్పగానే డీజిల్ కంపు కొట్టింది. నీ సంగతి నాకు తెలియదా? దీపం మసకబారాక గానీ నీ చెయ్యి ఇంజను మీదికి పోదు. నా పెట్టె అంతకు ముందే పని ముగించేస్తుంది. గాలి ఎంత ఎగిరిపడినా రికార్డులో కరెంటు గీత బల్లలా చదునుగా వస్తోంది, కళ్ళుంటే చూసుకో.

ఒక్కటే అడుగుతున్నాను, పరీక్ష రోజు దేన్నీ ముట్టుకోకు. ఉండలేనంటే గస్‌తో చేతులు వెనక్కి కట్టించుకో.

నీ తమ్ముడు,
డెస్


పెల్హామ్ దీవి,
ఆగస్టు 17

ప్రియమైన మేధావికి,

నెగ్గావటగా! నిన్నటి ఆ నైరుతి గాలిలో కూడా గీత చెదరలేదని ఊరి హాల్లో ఒకటే చప్పట్లు. ఇప్పుడు విను. నేను మూడో ఇంజను ఆపలేదు. ఆపానని పుస్తకంలో రాసి, దాన్ని లైన్లోనే ఉంచాను. దీపం రవ్వంత తగ్గిందంటే ఇంజను మీటను ముందుకు తోశాను, వెలుగెక్కిందంటే వెనక్కి లాగాను. మూడు గంటలు! భుజం పడిపోయింది. ఆ చదునంతా నా చేతి చలవ, నీ పెట్టెది కాదు.

శుక్రవారం హాల్లో అందరి ముందూ చెబుతాను. సిగ్గుంటే ఈలోగా వచ్చి పెట్టె ఊడబీక్కుని పో.

మావిస్


హోబర్ట్,
ఆగస్టు 20

ప్రియమైన అక్కా,

రికార్డు తెరిచి సెకను సెకనూ చూశాను. నిజమే, ఇంజను నడిచింది. నూట నలభై సార్లు తోశావు, నూట నలభై సార్లూ ఆలస్యంగానే. నువ్వు తోసేసరికి రెక్కలు ఇవ్వాల్సింది ఇచ్చేశాయి. నువ్వు పోసినదంతా అదనం. ఆ అదనం దీపాల దాకా పోకుండా రెక్కలు మళ్ళీ వేగం పెంచుకుని సర్దుకున్నాయి. నువ్వు లాగేసినప్పుడల్లా ఆ లోటునూ అవే పూడ్చాయి.

ఆ రోజు నా పెట్టె గాలితో పడింది సగం పాట్లే. మిగతావన్నీ నీతో. అయినా గీత చెదరలేదు. వెళ్ళు, హాల్లో చెప్పుకో. పోయేది నీ పరువే.

డెస్


పెల్హామ్ దీవి,
ఆగస్టు 28

ఒరేయ్ డెస్,

చెప్పాను. నేను చేసిందీ చెప్పాను, నువ్వు రాసిందీ చదివాను. గస్ కూడా నవ్వలేదు. మళ్ళీ పరీక్ష పెట్టమని నేనే అడిగాను.

నిన్న పెట్టారు. ఇంజన్లన్నీ నిజంగానే ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఫోను పక్కన కూర్చున్నాను. బయట గాలి రేకులు పీకేస్తోంది. ఇలాంటి గాలిలో ఆ ఫోను పది నిమిషాలైనా ఊరుకున్నది నేనెరగను. "మావిస్, లైట్లు!" అని ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. నిన్న మూడు గంటలూ మోగలేదు. నాకు ఏడుపొచ్చిందిరా.

ఉండబట్టలేక చీజ్ ఫ్యాక్టరీకి నేనే ఫోన్ చేసి, కరెంటు ఎలా ఉందని, అందరికంటే ముందు అరిచే కోలిన్‌ను అడిగాను.

"ఎప్పట్లాగే ఉంది. ఎందుకడుగుతున్నావ్ మావిస్?" అన్నాడు.

ఊరికే అని పెట్టేశాను.

నీ మొహం మండ, బాగా చేశావు.

నీ అక్క