ఇంకా దిగని మొదటి విమానం

బాలల పుస్తక ప్రచురణ విభాగం సంచాలకుల వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: "పిల్లలకు మన విమానాల చరిత్ర" అను పుస్తకం మూడవ అధ్యాయంలో గాలిలోకి లేచిన విమానమును నేలకు దించుటకు అనుమతి కోరుట గురించి.

పై పుస్తకం రాయమని తమ విభాగమే నన్ను నియమించిన సంగతి తమకు గుర్తుండే ఉంటుంది. రాసిన దానిని తమ సవరణ సంఘం వారు ఎర్ర సిరాతో ఆశీర్వదించి తిప్పి పంపారు. ఆ ఆశీర్వాదం తట్టుకోలేక ఈ క్రింది విన్నపాలు చేసుకుంటున్నాను.

1. మన దేశంలో తయారైన మొదటి విమానం ఊరి వెలుపలి మైదానం నుంచి లేచి, తనను తయారుచేసిన షెడ్డు మీదుగా ఒక చుట్టు తిరిగి, పక్క పొలంలో కూలిందని నేను రాశాను. "కూలుట వలన బాలలకు నిరుత్సాహము కలుగును" అని సంఘం వారు ఆ భాగం కొట్టివేశారు. తత్ఫలితంగా విమానం లేచింది, అధ్యాయం అయిపోయింది. ఎర్ర సిరా పుణ్యమా అని అది నేటికీ గాలిలోనే ఉన్నది. అంత ఇంధనం పట్టే ట్యాంకు ఆనాడు లేదని మనవి.

2. అచ్చుకు ముందు ప్రతి పుస్తకమును పిల్లలకు చదివి వినిపించవలెనని తమ నిబంధన. ఒక బడిలో ఐదో తరగతికి చదివాను. ముందు బెంచీలోంచి ఒక కళ్లద్దాల పిల్ల లేచింది.

"మరి అదెప్పుడు దిగింది మేడమ్?"

"దిగిందిలే అమ్మా."

"ఎక్కడ దిగింది? పుస్తకంలో లేదుగా!"

ఈ సందేహం తమకు నివేదించగా "దిగినట్లు భావించుకొనవచ్చును" అని జవాబు దయచేశారు. భావించుకుంటే విమానాలు దిగిపోయేటట్లయితే ఇన్ని విమానాశ్రయాలు కట్టడం దండగ కదా!

3. నాలుగవ అధ్యాయంలో రెండో విమానం బొమ్మ ఉన్నది. దాని తోక మొదటిదానికంటే బాగా పెద్దది. తోక ఎందుకు పెంచారని మళ్లీ ఆ పిల్లే అడిగింది. మొదటిది కూలింది గనుక, తోక చాలక ముక్కు అదుపులో నిలవలేదని తెలిసింది గనుక పెంచారు. సంఘం వారు మాత్రం బొమ్మ కింద "అందము కొరకు" అని రాయించారు. దెబ్బ తగలకుండానే కట్టు కట్టించుకున్న దేశం మనది ఒక్కటే కావచ్చు.

4. ఇది రాయకూడదనుకున్నాను. మూడో విన్నపంతో ఆపేస్తే నేనూ తమ సంఘంలో సభ్యురాలినే అవుతాను గనుక రాస్తున్నాను.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది: పానా పట్టినవాడే ముందు ఎక్కాలి. విమానం బిగించిన ఫిట్టరు మొదటి పరీక్షనాడు పైలట్ వెనక సీట్లో కూర్చోవాలి. తన బిగింపు మీద తనకే నమ్మకం లేనివాడు ఇంకొకరిని ఎక్కించకూడదని వాళ్ల పట్టుదల. ఆ రోజు వెనక సీట్లో కూర్చున్నది మా నాన్న. పైలట్ కాలు విరిగి బతికాడు. మా నాన్న బతకలేదు.

కొన్నాళ్లకు ఆ పైలట్ చంకల కింద కర్రలతో మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు. "నమూనా గీసిన లెక్కలో తప్పుందమ్మా, బిగింపులో లేదు. ఆయన బిగించినవన్నీ బిగించినట్టే ఉన్నాయి, నేను చూశాను" అన్నాడు. మా అమ్మ ఇన్నేళ్లూ ఆ మాట పట్టుకునే బతికింది. నేను మూడవ అధ్యాయం చివర రాసింది ఆ మాటే. సంఘం వారు దాని మీద అడ్డగీత గీసి, పక్కన "బంధుప్రీతి" అని రాశారు. నిజమే, తండ్రి మీద నాకు ప్రీతి ఉన్నది. అయ్యా, నాకు చాలా కోపంగా కూడా ఉంది. దానికి అధికార భాషలో మాట వెతికాను, దొరకలేదు.

5. కావున ఆ పేజీని యథాతథంగా వేయించవలెను. వీలుకానిచో అట్ట మీద నా పేరు తీయించి తమ పేరు వేయించుకొనవలెను. ఈ పుస్తకానికి ఆఖరి మర బిగించినది తమరే గనుక, షెడ్డు ఆచారం ప్రకారం ముందు ఎక్కవలసినదీ తమరే. ఆ ఐదో తరగతికి స్వయంగా విచ్చేసి, మూడవ అధ్యాయం చదివి, కళ్లద్దాల పిల్లకు జవాబు చెప్పవలెను. కాళ్లేమీ విరగవు, భయపడనక్కరలేదు.

ఈ అర్జీనైనా మెరుగులు దిద్దకుండా చిత్తగించవలెను.

ఇట్లు,
అట్ట మీద పేరు సంగతి తేలేవరకు
తమ విధేయురాలు,
ఫిట్టరు గారి అమ్మాయి

తా.క.: తమరు ఆమోదించిన ప్రతిని నిన్న మా అమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా విని "అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను.

"అయితే మీ నాన్న ఇంకా దిగలేదన్నమాట. సరే, కంచం పెట్టి ఉంచుదాం" అంది.

మా అమ్మకు మతి చెడలేదు. నాకీ ఎత్తిపొడుపు అబ్బింది ఆవిడ దగ్గరే. అయినా నిజంగానే లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, కంచం కడిగి, వడ్డించి, మూత పెట్టి వచ్చింది. పొద్దున నేను చూసేసరికి అది అలాగే ఉంది. తీసెయ్యమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. తమ కార్యాలయం నుంచి ఉత్తర్వు ఇప్పిస్తే ఆవిడకు చూపిస్తాను.