అడ్డుగా ఒక తీగ

బాపట్ల, జూన్

ప్రియమైన మహమూదా,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఇక్కడ ఫోన్‌లో మాట్లాడితే రెండు వాటాలకీ వినపడుతుంది.

నీ నర్సరీతో పని పడింది. మా వసారాకీ మరిదిగారి వసారాకీ మధ్య అత్తయ్య కప్పుదాకా ఇనుప జాలీ పెట్టించింది. దానిమీద తీగ అల్లించాలట. తోడికోడలు లక్ష్మీదుర్గ రేపల్లెలో పుట్టింట్లో కొడుకుని కన్నది. ఐదో నెలలో బిడ్డతో వస్తుంది. ఆలోపు జాలీ అంతా కమ్మేయాలి. "నువ్వేం అనుకోకు జ్యోతీ. నిరుడు నీ బిడ్డ దక్కలేదు. నీ కన్ను పసివాడి మీద పడకూడదు" అంది. మనోజ్ ఏమన్నాడంటావా? నా మొగుడు పేపర్ తిరగేశాడు.

అత్తయ్య కాకరపాదు పెట్టమంది. నేనొప్పుకోలేదు. రోజూ దాని ముందు కూర్చోవాల్సింది నేనే కదా, పువ్వైనా నాకు నచ్చింది ఉండాలి. కాలేజీ టూర్‌లో ఊటీలో చూశామే, చెయ్యంత పువ్వుల క్లెమాటిస్ తీగ, అది కావాలి. ఏడాది పొడుగునా ఆకు రాలని రకం చూసి పంపు. వేలు దూరే సందు కూడా ఉండకూడదు. నిజం చెప్తున్నా, అత్తయ్యకంటే నాకే ఎక్కువ భయంగా ఉంది.

నీ జ్యోతి

*

తెనాలి, జూన్ ఆఖరు

జ్యోతమ్మా,

నీ ఉత్తరం చదివి మొక్కలకి నీళ్ళు పెట్టడం కూడా మానేసి కూర్చున్నా. మీ అత్తగారి గురించి నోటికొచ్చింది కాగితం మీద పెట్టను. నిన్ను మాత్రం అంటా. ఆవిడంటే సరే, నువ్వెలా నమ్మావే?

మొక్క సంగతికొస్తా. ఆకు రాలని రకం ఒకటుంది, తెల్లపువ్వుది. మన ఎండకీ మీ సముద్రపు గాలికీ అది ఆగదు. నీకు కుదిరేది ఊదారంగు పెద్దపువ్వుది. కొత్త కొమ్మకే పూస్తుంది, జోరుగా పాకుతుంది. బాగా ఎదిగిన కుండీలే బస్సులో వేస్తున్నా. తీగకి ఎండ తగలాలి, మొదలు చల్లగా ఉండాలి, చుట్టూ కొబ్బరిపీచు కప్పు. చలికాలం దాకా కత్తెర పెట్టకు. ఆ తర్వాత ఏం చెయ్యాలో నేను రాస్తా. నీ సొంత తెలివి వాడకు.

నీ మహమూదా

*

బాపట్ల, డిసెంబర్

ప్రియమైన మహమూదా,

తీగ నువ్వన్నట్టే పాకి కప్పు తాకింది. వచ్చినవాళ్ళంతా ఆ ఊదాపువ్వులు చూసి ఎంత బాగుందో అంటున్నారు. లక్ష్మీదుర్గ వచ్చి నెల దాటింది. పిల్లాడి ఏడుపు విన్నాను, నవ్వు విన్నాను, ఇంకా చూడలేదు. వాడు అవతల కేరింతలు కొడితే నా చేతిలో చెంబు ఆగిపోతుంది.

మొన్న వాడికి జ్వరం వచ్చింది. ఎక్కడ సందుందోనని అత్తయ్య జాలీ అంతా తడిమి చూసింది. ఆవిడ వెనకే నేనూ వెతికాను. ఓ మూల ఆకు పల్చగా ఉంటే పాత చీరముక్క కట్టాను. నాకు తెలియకుండా ఎప్పుడైనా చూశానా అని నన్ను నేనే అడుగుతున్నాను. జ్వరం ఇంకా దిగలేదు. ఇంకో రెండు కుండీలు పంపు. లేకపోతే నేనే ఈ ఇంట్లోంచి వెళ్ళిపోవాలి.

నీ జ్యోతి

*

తెనాలి, జనవరి

జ్యోతీ,

కుండీలు కాదు కదా, ఒక్క ఆకు కూడా పంపను. కత్తెర తీసుకుని తీగనంతా మోకాలెత్తుకి కోసెయ్. ఈ రకాన్ని ఏటా ఇలా కోస్తేనే బాగా పూస్తుంది. లేకపోతే కింద ఎండుపుల్లలు, పైన నాలుగు పువ్వులు.

ఇది తెలిసే పంపావా అంటావు. తెలిసే పంపాను. నువ్వడిగింది గోడ. నీకు గోడ కట్టడం నా వల్ల కాదు. తిట్టుకో. పిల్లాడికెలా ఉందో ముందది రాయి.

మహమూదా

*

బాపట్ల, జనవరి ఆఖరు

మహమూదా,

జ్వరం తగ్గింది. నిన్ను తిట్టుకోవడం కూడా అయింది.

నువ్వు రాసింది అత్తయ్యకి చెప్పాను. "పువ్వులొద్దు, ఏమొద్దు. తీగ మీద చెయ్యేశావంటే ఊరుకోను" అంది. కత్తెర లోపల పెట్టేశాను. సిగ్గు విడిచి చెప్తున్నా, హమ్మయ్య అనిపించింది. అంతలో అవతల కరకరమని చప్పుడైంది. బట్టలు కుట్టే కత్తెరతో లక్ష్మీదుర్గ కోస్తోంది.

"ఏంటే ఆ పని?" అని అత్తయ్య అరిచింది.

"సందు లేకుండా కమ్మినా వాడికి జ్వరం వచ్చింది కదండీ. అక్క ఒక్కసారైనా చూడలేదు. మరి ఎవరి కన్నండీ అది?"

అత్తయ్య విసురుగా లోపలికెళ్ళిపోయింది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదో!

"అక్కా, నీ వైపు నువ్వు కొయ్యి. నాకు చెయ్యందట్లేదు" అంది మళ్ళీ.

లోపల పెట్టిన కత్తెర తెచ్చి కోశాను. తీగంతా కుప్పగా పడింది. లక్ష్మీదుర్గ లోపలికెళ్ళి పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి జాలీ దగ్గర నిలబడింది. నేను గబుక్కున ముఖం తిప్పుకున్నాను.

"ఇటు చూడక్కా. నువ్వు చూడకపోతే వీడికి పెద్దమ్మెవరో ఎలా తెలుస్తుంది?" అంది.

తర్వాత అత్తయ్య ఉప్పు తెచ్చి వాడికి దిష్టి తీసింది. తియ్యనీ.

ముక్కు మాత్రం వాళ్ళ నానమ్మదే, పాపం. నవ్వితే ఎడమ చెంప సొట్టపడుతుంది. చూశానే మహమూదా, కళ్ళారా చూశాను.

నీ జ్యోతి